ఎత్తు నిమిత్తం మూట ఒకటి

జలగండి సంస్థానం వారి వజ్రాల తురాయి పోయి ముప్ఫై నాలుగేళ్లయింది. దాన్ని వెతకడానికి ప్రభుత్వం ప్రత్యేక విభాగం పెట్టి ముప్ఫై మూడేళ్లయింది. మధ్యలో ఆ ఒక్క ఏడాదీ ఏం చేశారని ఎవరైనా అడిగితే, విభాగానికి గది వెతికారని చెబుతాం.

ఆ విభాగంలో నేను బి సీటు గుమస్తాని. పేరు సోమేశం. ప్రతి నెలా ఐదో తారీఖులోగా "ఈ మాసమున తురాయి దొరకలేదు" అని నివేదిక రాసి, ఐదు ప్రతులు తీసి, పై ఆఫీసుకి పంపడం నా పని. ఇరవై రెండేళ్లలో రెండువందల అరవై నాలుగు నివేదికలు పంపాను. ఒక్కటంటే ఒక్కటి తప్పుందని వెనక్కి రాలేదు. ఇంత నికరమైన సమాచారం పంపే ఆఫీసు రాష్ట్రంలో ఇంకోటి ఉందని నేననుకోను.

తురాయి అంటే జలగండి జమీందార్లు దసరా దర్బారులో తలపాగాకి పెట్టుకునే నగ. మధ్యన కుంకుడు గింజంత పెద్ద వజ్రం, చుట్టూ ఇరవై ఒక్క చిన్న వజ్రాలు, వెనక పాగాకి గుచ్చడానికి బంగారు సూది. ఆఖరి రాణీగారు వారసులు లేకుండా పోయాక కోటలో ఉన్న వస్తువులన్నిటినీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. జాబితాలో తురాయి 219వ అంశం. కోటలో జాబితా రాసినప్పుడు ఉంది. ట్రెజరీలో పెట్టె తెరిచేసరికి లేదు.

ఆ మధ్యలో దాన్ని ముట్టుకున్నవాడు ఒక్కడే. రికార్డు అటెండరు గవరయ్య. కాగితాలు పేర్చి, ఎర్రగుడ్డలో పెట్టి, దస్త్రం కట్టడం ఆయన ఉద్యోగం. విచారణలో ఆయన మొదటి రోజు చెప్పిందే ఆఖరి రోజు వరకూ చెప్పాడు. జాబితా రాసిన అధికారి తురాయిని చేతికిచ్చి, ఇది ముఖ్యమైంది, కాగితాలతోపాటే కట్టెయ్యి అన్నారట. ఈయన కట్టాడు. ఆ అధికారి సీళ్లు వేశారు. మర్నాడు ఆయనకి బదిలీ అయింది, మరుసటి నెల గుండె ఆగింది. విచారణాధికారి అంతా విని, "నిందితుడు దస్త్రములో కట్టితినని బుకాయించుచున్నాడు" అని రాశారు.

మరి దస్త్రం విప్పి చూడొచ్చు కదా అని మీరనుకుంటారు. మీరు ప్రభుత్వోద్యోగం చేసి ఉండరు. ఆ దస్త్రం కేసులో ముఖ్య సాక్ష్యం. సాక్ష్యాన్ని విప్పితే సాక్ష్యం చెడిపోతుంది. పైగా సీలు వేసిన మూటని, ఆ సీలు వేసిన అధికారి సమక్షంలోనే విప్పాలని నిబంధన ఉంది.

గవరయ్యని సస్పెండు చేశారు. విచారణ పదకొండేళ్లు నడిచింది. అది పూర్తికాకముందే ఆయన పోయాడు. ఊళ్లో ఆయన పేరు వజ్రాల గవరయ్య అయిపోయింది. కూతురు సన్యాసమ్మకి పెళ్లిచూపులకని వచ్చినవాళ్లు పిల్లని చూడకుండా ఇంటి దూలాలకేసి చూసేవారట. మా విభాగం వారి పెరడు మూడుసార్లు తవ్వించింది. మూడోసారి నీళ్లు పడ్డాయి. ఇప్పుడు ఆ వీధి వీధంతా ఆ బావి నీళ్లే తాగుతుంది. ముప్ఫై మూడేళ్లలో మా విభాగం కనిపెట్టింది ఏదైనా ఉందంటే అదే.

తర్వాత నిందితుడి కుటుంబాన్ని కనుచూపు మేరలో ఉంచడం మంచిదని ఎవరికో తోచి, సన్యాసమ్మకి మా ఆఫీసులోనే ఊడ్చే పని ఇచ్చారు. ఆమె పందొమ్మిదేళ్లుగా మా నిఘాలో ఉంది. అంటే మేం రావడానికి గంట ముందొచ్చి, మేం వెళ్లాక గంట ఆగి వెళుతుంది. ఆమె జీతం పెంచమనిగానీ పని మార్చమనిగానీ ఎప్పుడూ అడగలేదు. తన తండ్రి దొంగ కాదని ఒక కాగితం ఇమ్మని మాత్రం ఏటా దసరాకి ముందు ఒక అర్జీ పెట్టేది. దాని మీద నేను "తురాయి దొరికిన పిదప పరిశీలించబడును" అని రాసేవాణ్ణి.

ఇక మా ప్రత్యేకాధికారి కుర్చీ గురించి చెప్పాలి.

మా విభాగం మొదటి అధికారి బాగా పొట్టి. కూర్చుంటే గడ్డం బల్ల అంచుకి ఆనేదట. అందుకని కుర్చీలో ఒక మూట వేసుకున్నారు. రెండో అధికారి, గుడ్డ గరుగ్గా ఉందని మూటకి గలీబు కుట్టించారు. ఆయన బదిలీ అయినప్పుడు అప్పగింతల జాబితాలో "కుర్చీ ఒకటి, దానిపై ఎత్తు నిమిత్తం మూట ఒకటి" అని చేరింది. అప్పట్నుంచీ ఏ అధికారీ దాన్ని తీసే సాహసం చెయ్యలేదు. తీస్తే జాబితా సరిపోదు. ఇప్పటి అధికారి పట్నాయక్ గారు ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ మూట మీద కూర్చుంటే ఆయన మోకాళ్లు సొరుగుకి కొట్టుకుంటాయి. రెండు మోకాళ్లకీ కట్లు కట్టుకుని ఉద్యోగం చేస్తున్నారు.

ఇంకో బాధ కూడా ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న ఏడుగురు అధికారులకీ ఒకే వైపు, ఒకే చోట గుచ్చుకునేది. ఏడుగురూ వైద్యం కోసం సెలవు పెట్టారు. అది ఈ పదవికి సహజమైన వ్యాధి అని మాకో నమ్మకం ఏర్పడింది.

వానలు వెనకబట్టాక మా ఆఫీసులో దస్త్రాలు ఎండబెట్టడం ఆనవాయితీ. మా ఆఫీసున్న కోట వసారాలో చాపలు పరిచి కట్టలన్నీ ఎండకేస్తాం. పోయిన ఏడాది ఆ రోజున సన్యాసమ్మ పట్నాయక్ గారి కుర్చీలో మూట కూడా తీసుకొచ్చి, ఉతుకుదామని గలీబు విప్పింది. కాసేపటికి నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"సోమేశం బాబూ, ఓపాలి ఇలగ రండి. ఈ ముడి సూడండి."

వెళ్లి చూశాను. ఎర్రగుడ్డ వెలిసి ఇటుకరంగు తేలింది. నాలుగు లక్క సీళ్లున్నాయి.

"ముడే కదా సన్యాసమ్మా."

"మా అయ్య ముడి బాబూ. మూడు సుట్లు తిప్పి కొస లోపలికి దోపేస్తాడు. ఈ ఊర్లో ఇంకెవులికీ రాదు. నాకు నేర్పినాడు గాబట్టి నాకొచ్చు." ఆమె ఆ ముడిని వేలితో తడిమింది. "సచ్చిపోయేదాకా ఒక్కటే మాట సెప్పినాడు, దస్త్రంలోనే కట్టినానని. ఈ ముడి విప్పించండి బాబూ. మీకు దండం ఎడతాను."

గవరయ్య కట్టిన ఆ దస్త్రమే మా రిజిస్టరులో మొదటిది. దాని గురించి "భద్రముగా ఉన్నది" అని ఏటా రాస్తున్నది నేనే. ఎక్కడ ఉందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అది నిజంగానే ఎంత భద్రంగా ఉందో అప్పుడు తెలిసింది.

పట్నాయక్ గారికి విన్నవించాను. ఆయన సీళ్లు చూసి, రూల్సు పుస్తకం చూసి తల అడ్డంగా ఆడించారు. "సీలు వేసిన అధికారి సమక్షంలోనే తెరవవలెను. సదరు అధికారి కీర్తిశేషులు. కావున వారు వచ్చువరకు ఆగవలసి ఉన్నది."

"పోయినోరు ఎలగొస్తారు బాబూ?" అంది సన్యాసమ్మ.

"అది వారి వైపు నుంచి జరుగుతున్న జాప్యం. దానికి ఈ కార్యాలయం బాధ్యత వహించదు" అని పట్నాయక్ గారు మూటని మళ్లీ కుర్చీలో వేయించుకుని కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం కెవ్వుమని లేచారు. ఈసారి మూటని తిరగేసి వేశారు.

ఆ గుచ్చుకోవడమే కథ మార్చింది. జిల్లా కేంద్రంలో ఒక సర్జను పరీక్షించి "కూర్చొను స్థలమున మొనదేలిన వస్తువు గలదు, తక్షణమే తొలగించవలెను" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. వైద్య కారణాల మీద తీసుకునే చర్యలకి సీళ్ల నిబంధన అడ్డురాదని పట్నాయక్ గారు ఒక ఉత్తర్వు వెతికి పట్టుకున్నారు. మనిషి నిజాయితీపరుడే. తన ఒంటికి అవసరమైన ఉత్తర్వుని వారం రోజుల్లో వెతకగలిగాడు.

అందరం చుట్టూ చేరాం. గుడ్డ ప్రభుత్వానిది కనక కోయకూడదు, ముడి ఎవరికీ రావడం లేదు. సన్యాసమ్మనే పిలిచారు. ఆమె రెండు వేళ్లు లోపలికి పెట్టి కొస లాగింది. సీళ్లు పటపట రాలాయి. మూడు చుట్లూ వదులైపోయాయి. పసుపెక్కిన కాగితాలు విడిపోయి, వాటి మధ్యనుంచి తురాయి బల్లమీదికి జారింది.

పొద్దున్న ఎండ కిటికీలోంచి దానిమీద పడింది. గోడల మీదా, పట్నాయక్ గారి చొక్కా మీదా, నా నివేదికల మీదా చిన్న చిన్న వెలుగులు కదిలాయి. పద్నాలుగు మంది ఉద్యోగుల మొహాలూ ఒక్కసారి పాలిపోయాయి. ముందుగా నోరు విప్పినవాడు జీపు డ్రైవరు జోగులు.

"అయితే జీపు ఎత్తేస్తారాండీ?"

సన్యాసమ్మ నేలమీద కూలబడింది. "ఉన్నాదయ్యా! నువ్వెట్టిన కాడే ఉన్నాదయ్యా!" అని తండ్రితో మాట్లాడుతూ ఏడ్చింది. నాకు కళ్లు నిండాయి. పందొమ్మిది అర్జీల మీద నేను రాసిన వాక్యం గుర్తొచ్చి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పట్నాయక్ గారు ముందు తేరుకున్నారు. "దొరికింది అనే మాట ఎవరూ వాడకండి. మనం వెతుకుతుండగా దొరకలేదు. నాకు వైద్యం జరుగుతుండగా బయటపడింది. అన్వేషణలో దొరకని వస్తువుని అన్వేషణలో దొరికినట్టు చూపిస్తే ఆడిట్ వారు ఊరుకోరు. ప్రస్తుతానికి కనబడుచున్నది అందాం."

మూడో రోజున రాజధాని నుంచి డైరెక్టరు గారు ఒక కమిటీతో దిగారు. ఆయన తురాయిని భూతద్దంతో చూశారు. పెద్ద రాయి సరిపోయింది. చిన్నరాళ్లు రెండుసార్లు లెక్కపెడితే ఇరవై ఒకటే వచ్చాయి. తర్వాత జాబితా తీసి గట్టిగా చదివారు.

"వెనుక తిన్నని బంగారు సూది. తిన్నని అని స్పష్టంగా ఉంది. ఇది వంకరగా ఉంది. ఎందుకు వంగింది?"

పట్నాయక్ గారు పైకప్పుకేసి చూశారు. ఏడుగురు అధికారులు ముప్ఫై రెండేళ్లు కూర్చుంటే ఏ సూదైనా వంగుతుందని నాకు నోటిదాకా వచ్చింది. నేను కమిటీ సభ్యుణ్ణి కాను.

"వర్ణనతో విభేదిస్తున్నందున దీన్ని అసలు తురాయి అని ఇప్పుడే నిర్ధారించలేము" అన్నారు డైరెక్టరు గారు. "పోలిక గల తురాయి అందాం. నిర్ధారణకి ఒకే మార్గం. అసలు తురాయి దొరకాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది అదేనో కాదో క్షణంలో తేలిపోతుంది."

పట్నాయక్ గారి మొహంలోకి రక్తం వచ్చింది. "అంటే అన్వేషణ ఆపనక్కర్లేదా సార్?"

"ఆపడమేమిటయ్యా? ముమ్మరం చెయ్యాలి. ఇన్నాళ్లూ మీరు దేనికోసం వెతుకుతున్నారో మీకే తెలీదు. ఇప్పుడు చేతిలో నమూనా ఉంది!"

వసారాలో చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు జోగులు. పోలికల ఉపవిభాగానికి ఎనిమిది కొత్త పోస్టులు, రెండో జీపు అక్కడికక్కడే సిఫారసయ్యాయి. టీలు తాగుతుండగా సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మరి మా అయ్య మాటేటి బాబూ?"

డైరెక్టరు గారు చాలా మర్యాదగా జవాబిచ్చారు. "చూడమ్మా, మీ తండ్రి మీద ఆరోపణ అసలు తురాయి గురించి. ఇది పోలిక గల తురాయి. దీన్ని మాత్రం ఆయన దొంగిలించలేదని ప్రభుత్వం మనస్ఫూర్తిగా అంగీకరిస్తోంది."

"ఆ అంగీకరించిందేదో కాయితం మీద ఎట్టండి."

"అర్జీ పెట్టుకోండి. అసలు తురాయి దొరికిన పిదప పరిశీలిస్తారు" అని ఆయన బిస్కెట్ అందుకున్నారు. నా వాక్యం అంత పైదాకా వెళ్లిందని నాకు తెలీదు.

ఇక తురాయిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ట్రెజరీవారు పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదు. వారి పుస్తకంలో నగలు ఉన్నాయిగాని, పోలిక గల నగలు అనే పద్దు లేదు. చివరికి వైద్య కారణాల మీద తెరిచిన మూటని, వైద్యం పూర్తయ్యాక యథాస్థితికి తేవలెనని తేలింది. యథాస్థితి అంటే అదే గుడ్డ, అవే కాగితాలు, అదే తురాయి, అదే ముడి. ముడి దగ్గర ఆఫీసు మళ్లీ ఆగిపోయింది. జోగులు ఒక మధ్యాహ్నమంతా ప్రయత్నించి తన బొటనవేలిని కట్టేసుకున్నాడు.

సన్యాసమ్మని పిలిచారు. ఆమె కొంగు నడుముకి దోపుకుని వచ్చి, గుడ్డ పరిచి, కాగితాలు సర్దింది. తురాయి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"కడతాను బాబూ. రసీదిస్తేనే కడతాను."

"రసీదెందుకమ్మా? నువ్వు ఈ ఆఫీసు మనిషివేగా" అన్నారు పట్నాయక్ గారు.

"మా అయ్యా ఈ ఆపీసు మనిషే. అడగనేదు."

ఆయనకి అభ్యంతరం కనబడలేదు. రసీదు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. "సోమేశం, ఒకటి రాసివ్వవయ్యా" అని కొత్త జీపు రంగు నమూనాలు చూసుకోవడంలో పడ్డారు.

నేను నా బల్ల దగ్గర కూర్చున్నాను. "జాబితాలోని 219వ అంశమైన వజ్రాల తురాయి, రికార్డు అటెండరు కీర్తిశేషులు గవరయ్య గారు కట్టిన మొదటి దస్త్రములో, సీళ్లు చెదరకుండ, వారు విచారణలో చెప్పిన చోటనే లభించినది. దానిని వారి కుమార్తె సన్యాసమ్మ యథాతథముగా తిరిగి కట్టి, ప్రత్యేకాధికారి వారికి అప్పగించినది" అని రాశాను. రెండే వాక్యాలు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ ఇంత తప్పుల్లేకుండా రాయడానికి కష్టపడలేదు. చూసి ఉండి చూశామని రాయడం నాకు అదే మొదటిసారి.

పట్నాయక్ గారు ఎక్కడ చీటీ అంటిస్తే అక్కడ సంతకం పెడతారు. పెట్టారు. నేను ఆఫీసు ముద్ర వేశాను. సన్యాసమ్మ దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది. "చెప్పిన చోటనే" అన్న మాట దగ్గర ప్రతిసారీ తల ఊపింది. తర్వాత కూర్చుని మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, మూట బల్లమీద పెట్టింది. పట్నాయక్ గారు సర్జను సర్టిఫికెట్ ప్రకారం దాన్ని కుర్చీలో కాక బీరువాలో పెట్టించారు. ఆ నెల నివేదికలో నేను "ఈ మాసమున తురాయి దొరకలేదు" అని రాశాను. డైరెక్టరు గారి నిర్ణయం ప్రకారం అది నిజమే.

ఏడాది గడిచింది. పట్నాయక్ గారికి పదోన్నతి వచ్చింది. ఆయన చోటికి విజయభారతి గారొచ్చారు. పొట్టి మనిషి, చురుకైన మనిషి. అప్పగింతల జాబితాలో "ఎత్తు నిమిత్తం మూట ఒకటి" చూసి, "అదెక్కడ?" అని అడిగి బీరువాలోంచి తీయించి కుర్చీలో వేయించుకున్నారు. తర్వాత ఫైళ్లన్నీ మొదటి పేజీ నుంచి చదివారు. అలా చదివిన అధికారిని నేను చూడటం అదే మొదలు. ఆ సాయంత్రం నన్ను పిలిచారు.

"సోమేశం గారూ, ఈ పోలిక గల తురాయి ట్రెజరీలో లేదు. ఆఖరున ముట్టుకున్నది సన్యాసమ్మ. ఆవిడ ఎవరు? గవరయ్య కూతురు! ఇంత స్పష్టంగా ఉంటే ఏడాదిగా ఏం చేస్తున్నారు?"

"అది దస్త్రంలో కట్టారండీ" అన్నాను.

"అలా అని ఎవరు చెప్పారు?"

"కట్టినావిడే చెప్పారండీ."

ఆమె జాలిగా నవ్వారు. "ఆవిడ తండ్రి చెప్పిందీ అదేగా? నోటీసు తయారుచెయ్యండి."

నోటీసు తయారుచేసిందీ నేనే, పట్టుకెళ్లిందీ నేనే. సన్యాసమ్మ ఇంటి దగ్గర బావి చుట్టూ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను నోటీసు చదివి వినిపించాను. సన్యాసమ్మ కంగారు పడలేదు. లోపలికెళ్లి, తండ్రి ఫోటో వెనకనుంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం తీసుకొచ్చింది. వీధిలో అందరికీ చదివి వినిపించి వినిపించి దాని మడతలు అరిగిపోయాయి. బావి దగ్గర ఒకావిడ, "గవరయ్యోరి కాయితమా?" అని అడిగింది. వజ్రాల గవరయ్య అనలేదు.

"ఇది మీ సేతిరాతే కదా బాబూ?"

"నాదే."

"మా అయ్య కాడ ఇదొక్కటీ నేకపోనాది" అని ఆమె కాగితం కవర్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ వెంటనే, "మీరు నకలు రాసుకుని నాది నాకిచ్చేయండి" అంది. అక్కడే అరుగుమీద కూర్చుని నకలు రాసుకున్నాను.

మర్నాడు విజయభారతి గారు ఆ నకలు బయటికి చదివారు. రెండోసారి మనసులో చదివారు. నోటీసు ఆఫీసు ప్రతి తీసి నిలువునా చింపేశారు.

"అసలు కాగితం మీద ముద్ర మనదేనా?"

"మనదేనండీ."

"సంతకం?"

"పట్నాయక్ గారిదేనండీ."

"అయితే సోమేశం గారూ, తురాయి ముప్ఫై నాలుగేళ్లుగా..." అని ఆగిపోయారు. కిటికీలోంచి బయటికి చూశారు. వసారాలో ఇరవై రెండు మంది ఉద్యోగులు రెండు జీపుల చుట్టూ చేరి వారాంతపు తవ్వకానికి పారలు సర్దుకుంటున్నారు. "ఇవాళ తారీఖెంత?"

"నాలుగండీ."

"మరి నివేదిక?"

సిద్ధంగానే ఉంది. ఐదు ప్రతులూ ఆమె ముందు పెట్టాను. "ఈ మాసమున తురాయి దొరకలేదు" అన్నదాని కింద ఆమె ఐదుచోట్ల సంతకం చేసి, కలం మూసి, ముఖం చిట్లించి, కుర్చీలో కొంచెం ఎడమపక్కకి జరిగి కూర్చున్నారు.